సేనావైద్యుడు రోనాల్డ్ రాస్

రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా గోదావరి నానుకొని యున్న కొండసీమకు రంప మన్యమని పేరు. 1879వ సంవత్సరము మార్చి నెలలో అచటి కొండప్రజలు తిరుగబడిరి. కల్లుపై విధించిన పన్నులును, మన్సబుదారుని దౌర్జన్యమును, పోలీసుల ఆగడములును వారి నాపనికి పురికొల్పినవి. తిరుగుబాటు నణచుటకై ప్రభుత్వము మదరాసు పదాతి పటాలములను మన్యమునకు పంపెను. ఆ సిపాయిలకు అడవిలో ఇద్దరు శత్రువు లెదురైరి. కొండదారు లెరిగి పొదలచాటున పొంచియుండి తుపాకి పేల్చువారు ఒక శత్రువు. రెండవ శత్రువు జ్వరము. గుండుదెబ్బకు కూలినవారికన్న జ్వరముచేత మంచము పట్టినవారే అనేకులు.

ఒకనాడు చలి, పది కంబళ్లు కప్పినను తీరదు. వెనువెంటనే ఒడలు కాలిపోవు జ్వరము. పిదప చెమట. రోగి లేచి తిరుగును. ఒకటి రెండు దినములు గడవగనే చలి మరల వచ్చును. ఇట్లు నెలల తరబడి వచ్చిపోవుచు మనిషిని ఎముకలగూడుగా మార్చును. గోదావరి తీరమువారు దీనిని మన్యపు జ్వరమనిరి. మైదానపు ఉద్యోగిని మన్యమునకు బదిలీచేసినచో, ఇంట ఏడుపులు వినబడెడి కాలమది. పటాలములతో వెళ్లిన వైద్యులయొద్ద క్వినైను ఉండెను. అది జ్వరమును తగ్గించునని వారెరుగుదురు. కాని ఆ జ్వర మెచటినుండి వచ్చుచున్నదో ఎరుగరు. అడవినీరు చెడ్డదని కొందరు, కుళ్లిన ఆకులనుండి పుట్టు గాలి చెడ్డదని కొందరు తలచిరి. మలేరియా అను పేరునకే చెడుగాలి యని అర్థము.

రంప తిరుగుబాటు చల్లారిన కొలదికాలమునకే, 1881లో, మదరాసు సేనలో ఒక యువకుడు వైద్యుడుగా చేరెను. అప్పటి కతనికి ఇరువదినాలుగేండ్లు. పేరు రోనాల్డ్ రాస్. మన్యపు జ్వరము మనిషిలోనికి ప్రవేశించు త్రోవను కనుగొనుటకు మూలమైనవా డితడే. ఆ పనిలో ముఖ్యభాగము జరిగినది మన తెలుగుగడ్డపై, సికిందరాబాదు దండులోని చిన్న ఆసుపత్రియందు.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయముల ఒడిలోని అల్మోరా పట్టణమున జన్మించెను. మీరటులో సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడు దినములే యైనది. తండ్రి సేనాధికారి, తరువాత సేనాపతి పదవి వరకు ఎదిగినవాడు. పదుగురు బిడ్డలలో రాస్ పెద్దవాడు. ఎనిమిదవ యేట ఆయనను చదువుకై ఇంగ్లండునకు పంపిరి. బాలునికి చిత్రలేఖనమన్నను, సంగీతమన్నను, కవిత్వమన్నను ప్రాణము. గణితమునందును మక్కువ కలదు. వైద్యవిద్యపై మాత్రము ఇష్టము లేదు. కాని తండ్రి తన కుమారుడు వైద్యుడై భారతదేశపు సేనలో చేరవలెనని నిశ్చయించెను. రాస్ తండ్రిమాట కాదనలేక లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరెను. చేరినాడేగాని, పుస్తకముల ముందుకన్న సంగీతవాద్యము ముందు గడపిన పొద్దే యెక్కువ. ఒక పరీక్ష తప్పెను. కొంతకాలము ఓడలో వైద్యుడుగా పనిచేసెను. తుదకు ఇండియన్ మెడికల్ సర్వీసు పరీక్షలో నెగ్గి, మదరాసుకు వచ్చి చేరెను. గొప్పవారందరు చిన్ననాటినుండియు తమ మార్గము నెరిగి నడచినవారే యని మనము తలంతుము. రాస్ విషయమున అది నిజము కాదు.

పటాలపు వైద్యుని పని యెట్టిదో కొంచెము చెప్పవలెను. వేకువనే బాకా మ్రోగగనే జబ్బుపడిన సిపాయిలు ఆసుపత్రి ముందు వరుసగా నిలుతురు. వైద్యుడు ఒక్కొక్కరి నాలుక చూచి, నాడి పట్టి, ఎవరు ఆసుపత్రిలో ఉండవలెనో, ఎవరికి విశ్రాంతి కావలెనో, ఎవరు వట్టి సాకు చెప్పుచున్నారో తేల్చవలెను. పిదప సిపాయిల ఇండ్ల వరుసలు, బావులు, వంటశాలలు, మరుగుదొడ్లు తిరిగి చూడవలెను. పటాలము యుద్ధమునకు కదలినచో మందులపెట్టెలు, డోలీలు, డోలీ మోయు బోయీలు, ఆసుపత్రి సహాయకులు అందరును ఆయన అధీనమున నడతురు. పటాలపు పట్టీలో ఎందరి పేర్లున్నవో కర్నలునకు తెలియును. రేపు ఎందరు నడువగలరో వైద్యుడు చెప్పవలెను. యుద్ధములో పనికివచ్చు లెక్క ఈ రెండవదే. అయినను సేనలో వైద్యుని మాటకు అంత విలువ లేదు. ఆయన చిన్న అధికారి. ఆజ్ఞ యిచ్చువాడు వేరొకడు.

రాస్ మదరాసు రాజధానిలోను, బర్మాలోని మౌల్మేనులోను, అండమాను దీవులలోను పనిచేసెను. సేన పోరాటములో లేనప్పుడు వైద్యునకు ఉదయము రెండు మూడు గంటలలో పని ముగిసెడిది. తక్కిన పొద్దంతయు తనదే. ఆ తీరికలో ఆయన కవితలు, నవలలు వ్రాసెను. గణితశాస్త్ర గ్రంథములను ముందువేసికొని తనంతట తానే అభ్యసించెను. మొదటి యేడెనిమిది సంవత్సరములు ఇట్లే గడచినవి. ఆసుపత్రిలో జ్వరపీడితులు వచ్చుచు పోవుచు ఉండిరి. రాస్ వారికి క్వినైను ఇచ్చుచుండెను.

1883లో బెంగుళూరునందు జరిగిన ఒక చిన్న సంగతి మాత్రము చెప్పదగినది. రాస్ నివసించిన బంగళాలో దోమలు విపరీతము. వెదకి చూడగా, కిటికీ దగ్గరనున్న నీటితొట్టిలో దోమపిల్లలు మెదలుచుండెను. ఆయన తొట్టిని బోర్లించెను. దోమలు తగ్గినవి. ఉత్సాహముతో పటాలపు అధికారియొద్దకు పోయి, భోజనశాల చుట్టునున్న తొట్లను, పూలకుండీలను, డబ్బాలను కూడ బోర్లించినచో అందరికి సుఖముగా ఉండునని చెప్పెను. ఆ అధికారి అంగీకరింపలేదు. దోమలు సృష్టిలో ఒక భాగమనియు, వానిని సహించుటయే మన విధి యనియు ఆయన వాదము. రాస్ మరుమాటాడక వచ్చివేసెను. దోమకును జ్వరమునకును సంబంధ మున్నదని అప్పటి కాయనకును తెలియదు. ఆనాడాయన కోరినది నిద్ర మాత్రమే.

1888లో సెలవుపై ఇంగ్లండునకు పోయినప్పుడు రాస్ జీవితము మలుపు తిరుగనారంభించెను. ప్రజారోగ్యశాస్త్రములో పట్టము పొంది, సూక్ష్మదర్శినిని ఉపయోగించు విధము నేర్చెను. మరుసటి యేడు రోజా బ్లాక్సం అను నామెను వివాహమాడి తిరిగివచ్చెను. ఇప్పుడు జ్వరరోగుల రక్తమును తానే పరీక్షింప మొదలిడెను. అంతకుముందు 1880లో అల్జీరియాలోని ఫ్రెంచి సేనావైద్యుడు లావెరాన్, మలేరియా రోగి రక్తములో సజీవమైన క్రిమిని చూచితినని ప్రకటించియుండెను. ఆయనయు రాస్ వలెనే సిపాయిల మంచముల నడుమ తిరిగినవాడే. రాస్ ఎంత వెదకినను ఆ క్రిమి కనబడలేదు. కనబడనిది లేదని తలచెను. లావెరాన్ పొరబడెనని వ్యాసములు కూడ వ్రాసెను.

1894లో మరల సెలవుపై లండను చేరినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఆయన భ్రమను తొలగించెను. మాన్సన్ చీనాదేశమున చాలకాలము పనిచేసినవాడు. గోదావరి మండలములవారికి సుపరిచితమైన బోదకాలు వ్యాధిని పుట్టించు సన్నని పురుగు దోమ కడుపులో పెరుగునని 1877లో కనుగొన్నవాడు ఆయనయే. ఆయన రాస్‌ను తన సూక్ష్మదర్శిని ముందు కూర్చుండబెట్టి, రోగి రక్తములో నెలవంకలవలె నున్న మలేరియా క్రిములను చూపెను. రాస్ తన వ్యాసములు తప్పని ఒప్పుకొనెను. మరికొన్ని నెలలకు మాన్సన్ తన ఊహను కూడ బయటపెట్టెను: బోదకాలు పురుగువలె మలేరియా క్రిమియు దోమలోనే పెరుగుచుండవచ్చును. ఆ తరువాత అది మనిషిని ఎట్లు చేరును? దోమ నీటిపై చనిపోవును, ఆ నీటిని మనిషి త్రాగును అని మాన్సన్ తలచెను. ఊహలో మొదటి సగము సత్యము. రెండవ సగము తప్పు. రాస్‌ను రెండున్నర సంవత్సరములు నడిపించినది ఆ సత్యము. మధ్యమధ్య దారి తప్పించినది ఆ తప్పు.

1895 ఏప్రిలులో రాస్ బొంబాయిలో దిగి, అచటినుండి సికిందరాబాదు చేరెను. ఆయనకు అప్పగించినది పందొమ్మిదవ మదరాసు పదాతి పటాలపు వైద్యాధికారము. అప్పటికి ఆయన హోదా సర్జన్ మేజరు. జ్వరముతో వచ్చిన ప్రతి సిపాయి వ్రేలిని సూదితో గ్రుచ్చి, రక్తపుబొట్టును గాజుపలకపై పరచి చూచుచుండెను. సిపాయిలు మొదట భయపడిరి. సూదిపోటు కొరకు కొలది కాసులు ఇత్తునన్నను కొందరు ఆసుపత్రి వంక చూచుట మానిరి. నెలవంక క్రిములున్న రోగి దొరికినపుడు అతనిని దోమతెరలో పరుండబెట్టి, సీసాలో పెంచిన దోమలను లోపల విడుచుచుండెను. వేసవి యెండకు వాడిన దోమలు కుట్టుటయే మానినవి. పరుపును తెరను నీటితో తడిపినచో అవి కుట్టునని రాస్ కనిపెట్టెను. ఇట్టి చిన్న చిన్న ఉపాయములతో రోజులు గడచెను.

మాన్సన్ ఊహను పరీక్షించుటకు దోమలు చనిపోయిన నీటిని కొందరికి త్రాగించియు చూచెను. ఒకనికి కొలదిపాటి జ్వరము వచ్చి తగ్గెను. అది ఏమియు రుజువు చేయలేదు. త్రాగినవారు తమంతట తాము ఒప్పుకొన్నవారే, డబ్బు పుచ్చుకొన్నవారే. అయినను పేదవారు డబ్బుకు ఆశపడి తమ శరీరమును ఇట్టి పరీక్షకు అప్పగించుట మంచిదా యని నేడు మనకు తోచును. ఇప్పటి నియమముల ప్రకారము అట్టి పరీక్షలకు అనుమతి దొరకదు. ఆనాడు వైద్యశాస్త్రములో ఆ ప్రశ్న వేసినవారు అరుదు.

ఆ సెప్టెంబరులోనే ప్రభుత్వము రాస్‌ను బెంగుళూరునకు పంపెను. అచట కలరా వ్యాపించియుండెను. మురుగుకాలువలు, మంచినీటి బావులు బాగుచేయించు పనిలో ఏడాదికి పైగా గడచెను. దోమల పని దాదాపు నిలిచెను. 1897 వేసవిలో సెలవు తీసికొని నీలగిరులకు పోయి, కొండదిగువనున్న సీగూరు అను జ్వరసీమలో పరిశోధన సాగించెను. అచట ఆయనకే మలేరియా తగిలెను. అంతకాలము పరుల రక్తములో వెదకిన క్రిమి ఇప్పుడు తన రక్తములోనే యున్నది. ఆ ప్రదేశముననే ఒక వింతదోమ ఆయన కంటబడెను. దాని రెక్కలపై మచ్చలున్నవి. గోడపై వ్రాలినపుడు తోక పైకెత్తి నిలుచును. రాస్ దానిని గుర్తుంచుకొనెను.

జూను నెలలో సికిందరాబాదు తిరిగివచ్చెను. ఆ యేడు ఎండలు తీవ్రము. బేగంపేటలోని ఆ చిన్న ఆసుపత్రి గదిలో పంకా వేయుటకు వీలులేదు. గాలి విసరినచో కోసియుంచిన దోమ అవయవము లెగిరిపోవును. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. చివరికి మిగిలిన ఒక్క కంటిగాజు పగులుబారెను. కంటిచుట్టు చిన్న ఈగలు ముసురుచుండెను. ఒక్క దోమను కోసి, దాని ఉదరమును కణము వెంబడి కణముగా చూచుటకు గంటలు పట్టును. ఇట్లు వందలకొలది దోమలను చూచెను. ఏమియు లేదు. కారణము మనకిప్పుడు సులభముగా తెలియును: అవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. మలేరియా క్రిమి ఆ జాతులలో పెరుగదు. రాస్‌కు ఆ సంగతి చెప్పువాడు లేడు. దోమలలో ఎన్ని జాతులున్నవో తెలిపెడి పుస్తకము కూడ ఆయనయొద్ద లేదు.

ఆగస్టు నడిమి దినములలో, దోమపిల్లలను తెచ్చుటకు నియమించిన పనివాడొకడు ఒక సీసాను తెచ్చెను. అందుండి లేచిన దోమలు గోధుమవన్నెవి, రెక్కలపై మచ్చలు. రాస్ హృదయము గంతులిడెను. ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అను రోగి యుండెను. అతని రక్తమునిండ నెలవంక క్రిములు. ఆగస్టు 16వ తేదీ మధ్యాహ్నము ఆ దోమలను అతనిపై విడిచిరి. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున బేరము. పది దోమలు కుట్టినవి; హుసేన్ ఖానునకు పది అణాలు ముట్టినవి. చరిత్రలో ఇంత చవుకగా కొన్న జ్ఞానము వేరొకటి యుండునా యని నా సందేహము.

కొన్ని దోమలను వెంటనే కోసి చూచిరి. కొన్ని తమంతట తాము చచ్చినవి. నాలుగవ నాటికి, అనగా ఆగస్టు 20వ తేదీకి, కొలది దోమలే మిగిలెను. ఆనాడుదయము రాస్ ఎప్పటివలె పటాలపు రోగులను చూచి, ఫలాహారము చేసి, సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెను. మధ్యాహ్నమైనది. కన్నులు అలసినవి. ఒక దోమ ఉదరపు గోడలో ఇంక కొంచెము చోటే చూడవలసియుండగా, గుండ్రని కణమొకటి కనబడెను. దోమ శరీరములో ఎన్నడు చూడనిది. దానిలో నల్లని రేణువులు కొన్ని యున్నవి. మలేరియా క్రిమిలో కనబడు నల్లరేణువులు సరిగా అట్టివే. మరునాడు చివరి దోమను కోసెను. ఆ కణములే మరల కనబడెను. కాని ఒక్కరోజు వ్యత్యాసములో అవి మరింత పెద్దవైయుండెను. పెరుగుచున్నవనగా ప్రాణమున్నవి. మనిషి రక్తములోని క్రిమి దోమ కడుపుగోడలో నాటుకొని పెరుగుచున్నది. ఆ రాత్రి రాస్ ఒక కవిత వ్రాసెను. ఆగస్టు 20ని నేటికిని లోకము దోమల దినముగా పాటించుచున్నది.

పని సగమే యైనది. కడుపుగోడలో పెరిగిన క్రిమి మరల మనిషిని ఎట్లు చేరును? నీటిలోనా, గాలిలోనా, కాటులోనా? అది తేల్చుటకు మరికొన్ని మచ్చరెక్కల దోమలు, మరికొన్ని వారములు చాలును. సరిగా అప్పుడే, సెప్టెంబరులో, ప్రభుత్వమునుండి బదిలీ యుత్తరువు వచ్చెను. రాస్‌ను రాజపుటానాలోని ఖేర్వాడాకు పంపిరి. అచట మలేరియా రోగులు దొరకుట కష్టము. ఉత్తరువును వ్రాసినవారికి రాస్‌పై పగ యేమియు లేదు. ఎచటనో వైద్యుడు కావలసివచ్చినది, పంపిరి. సేనలో అది మామూలు. కాని ఆ మామూలుతనమే రాస్‌ను బాధించెను. అవును, ఆయనకు కోప మెక్కువ. తన కష్టమును మరచువాడు కాడు. ఈ కోపమునకు మాత్రము తగిన కారణ మున్నదని ఒప్పుకొనవలెను. ఆయన సికిందరాబాదులో చూచిన సంగతి 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నలులో అచ్చుపడునాటికి ఆయన చేతిలో పరీక్షించుటకు తగిన దోమ ఒక్కటియు లేదు.

మాన్సన్ లండనులో అధికారుల చుట్టు తిరిగి నచ్చజెప్పగా, 1898 ఆరంభమున రాస్‌ను కలకత్తాకు పంపి, పరిశోధనకే కొన్ని నెలల వ్యవధి యిచ్చిరి. కాని అచట ప్లేగు సూదిమందుల భయమున జనులు వైద్యుని సూదిని చూచినంతనే పారిపోవుచుండిరి. మనుష్యులు దొరకనందున రాస్ పక్షులను పట్టెను. పిచ్చుకలకును, కాకులకును మలేరియావంటి జ్వరము కలదు; దాని క్రిమియు దోమలోనే పెరుగును. మహమ్మద్ బక్ష్ అను సహాయకుడు ఆయన వెంట నిలిచి దోమలను పెంచుట, పక్షులను తెచ్చుట మొదలగు పనులు చేసెను. జూలై నెలలో రాస్ క్రిమి వెంటబడి దోమ కడుపునుండి రొమ్మునకు, రొమ్మునుండి మెడకు పోయెను. అచట లాలాజల గ్రంథులలో సూదులవంటి సన్నని క్రిములు కోట్లుగా నిండియుండెను. దోమ కుట్టునపుడు మొదట తన లాలాజలమును గాయములోనికి వదలును. త్రోవ తెలిసినది. నీరు కాదు, గాలి కాదు, కాటే. అట్టి దోమలచే కుట్టింపగా ఆరోగ్యముగానున్న పిచ్చుకలకు జ్వరము పట్టెను. ఆ నెలాఖరున ఎడింబరోలో జరిగిన వైద్యుల మహాసభలో మాన్సన్ ఈ వార్తను ప్రకటించెను.

మనుష్యుల మలేరియాలో ఇదే త్రోవను ఆ సంవత్సరాంతమున ఇటలీదేశపు గ్రాస్సీ, అతని సహచరులు మచ్చరెక్కల దోమయైన అనాఫిలిస్‌లో పూర్తిగా చూపిరి. అంతట రాస్‌కును గ్రాస్సీకిని కలహము పుట్టెను. తానే ముందనుటలో రాస్ పక్షమున న్యాయమున్నది. కాని గ్రాస్సీని ఆయన దొంగయనియు మోసగాడనియు జీవితాంతము దూషించుట ఆయన కీర్తికి తగదు. గ్రాస్సీ చేసిన పనియు గొప్పదే. 1902లో నోబెల్ బహుమానము రాస్ ఒక్కనికే లభించెను.

1899లో రాస్ సేనను విడిచి లివర్‌పూలునందలి ఉష్ణదేశవ్యాధుల కళాశాలలో ఉపాధ్యాయుడాయెను. సియెర్రా లియోనులోను, సూయజు కాలువపై నున్న ఇస్మాయిలియాలోను దోమలు పెరుగు నీటిగుంటలను పూడ్పించుటకు తోడ్పడెను. బెంగుళూరులో తొట్టి బోర్లించిన యువకుని ఇప్పుడు అధికారు లాదరించి వినుచుండిరి. ఇస్మాయిలియాలో కొన్ని యేండ్లలోనే జ్వరము మాయమైనది. 1911లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. మలేరియా ఊరిలో ఎట్లు వ్యాపించునో, దోమలను ఎంతవరకు తగ్గించినచో అది దానంతట ఆగునో గణితముతో లెక్కగట్టి చూపెను. అండమానులో, బర్మాలో తీరికవేళ నేర్చిన గణితము ఇచట అక్కరకు వచ్చెను.

1914లో మొదటి ప్రపంచయుద్ధ మారంభమైన నెలలోనే ఆయన పెద్దకుమారుడు ఫ్రాన్సుదేశమున పోరాడుచు మరణించెను. రాస్ మలేరియా విషయమున యుద్ధశాఖకు సలహాదారుడుగా పనిచేసెను. ఆ యుద్ధమున గ్రీసుదేశపు సలోనికా రంగములో సేనలు జ్వరముచేత చిక్కి సగమైనవి. 1917లో రాస్ అచటికి పోవుచుండగా ఓడ శత్రువుల దెబ్బకు గురియైనది. ఆయన బ్రతికి బయటపడెను. ముసలితనమున ధనమునకు ఇబ్బందిపడి, 1928లో తన ఉత్తరములను, కాగితములను అమ్మజూపెను. 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించెను. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనమును నేటికిని చూడవచ్చును. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రికి ఆయన పేరు పెట్టిరి.

ఆయన మరణించిన పదేండ్లకు, యౌవనమున ఆయన పనిచేసిన బర్మాదేశపు సరిహద్దుననే మరల పెద్దయుద్ధము జరిగెను. జపాను సేనలతో పోరిన పద్నాలుగవ సైన్యములో మన దక్షిణదేశపు సిపాయిలును ఉండిరి. 1943లో గాయపడి వెనుకకు వచ్చిన ఒక్కొక్క సిపాయికి, జబ్బుపడి వచ్చినవారు నూట యిరువది మంది. ఏడాదిలో మలేరియా పాలైనవారు నూటికి ఎనుబదినలుగురు. రోగులను దూరముగా భారతదేశమునకు పంపినచో తిరిగిరాక నెలలు పట్టుచుండెను. కావున సేనాపతి స్లిమ్ పోరాటపు వరుసల వెనుకనే జ్వరపు శిబిరములు వేయించెను. రోగి కొలది వారములలో తన పటాలమును చేరుకొనుచుండెను. సాయంకాలమైనంతనే చొక్కా చేతులు దించి గుండీలు పెట్టుకొనవలెను. దినదినము మెపాక్రిన్ మాత్ర మ్రింగవలెను. ఒక పటాలములోని సిపాయిల రక్తమును హఠాత్తుగా పరీక్షించినపుడు నూటికి తొంబదియైదుగురైనను మాత్ర మ్రింగినట్లు తేలకపోయినచో, పోవునది సిపాయి ఉద్యోగము కాదు, పటాలపు అధిపతి ఉద్యోగము. అట్లు ముగ్గురు అధిపతులు పదవి పోగొట్టుకొనిరి. 1945 నాటికి జబ్బుపడువారు రోజునకు వేయింటికి ఒక్కరి వంతున తగ్గిరి.